పిప్పరమెంటు తైలం – కేశారోగ్యం: ‘చలువ’ భావనపై ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
తలకు చలువ చేసేది జుట్టుకూ మేలు చేస్తుందనే భావన తెలుగువారి తలంటు సంప్రదాయంలో ఉంది. పిప్పరమెంటు తైలం విషయంలో ఆ చలువ కేశవృద్ధికి నిదర్శనమవుతుందా అన్న ప్రశ్నను భాషావ్యవహారం, శాస్త్రపరిశోధనల ఆధారంగా పరిశీలించి, వాడకంలో పాటించవలసిన జాగ్రత్తలను వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: పిప్పరమెంటు, మెంథాల్, చలువ, తలంటు, పల్నాడు.

1. పేరులోని ఘాటు:
నరసరావుపేట కేంద్రంగా 2022లో ఏర్పడిన పల్నాడు జిల్లా మిరప సాగుకు ప్రసిద్ధం. ఈ జిల్లాలోని రెంటచింతల వేసవి ఎండలకు పేరుపొందింది. ఇటువంటి ప్రాంతంలో ‘మంట’, ‘చలువ’ అనే మాటలు నిత్యవ్యవహారంలో ఉండడం సహజం. ఆ మంటకు ప్రతీకయైన మిరపకూ, చలువనిచ్చే పిప్పరమెంటుకూ పేరులో బంధుత్వం ఉంది. అమెరికా ఖండం నుండి వచ్చిన కాయకు తెలుగువారు మిరియాన్ని బట్టి ‘మిరప’ అని పేరు పెట్టుకున్నారు. పిప్పరమెంటులోని ‘పిప్పర’ కూడా మిరియాన్ని తెలిపే ఆంగ్లపదమే. దాని మూలం గ్రీకు, లాటిన్ భాషల మీదుగా ప్రయాణించిన ‘పిప్పలి’. అంటే బిళ్ళల రూపంలో తెలుగు పిల్లలకు పరిచయమైన ఆ మాట ఒక విధంగా పుట్టింటికి తిరిగివచ్చినదే.

2. మంట, చలువ – ఇంద్రియానుభూతి:
మిరపకాయ నాలుకను కాల్చదు, పిప్పరమెంటు చర్మాన్ని చల్లార్చదు. సుమారు 43 డిగ్రీలకు మించిన వేడిని గుర్తించే నాడీగ్రాహకాన్ని మిరపలోని క్యాప్సైసిన్ ప్రేరేపిస్తుందని 1997లో వెల్లడైంది. చల్లదనాన్ని గుర్తించే గ్రాహకాన్ని మెంథాల్ ప్రేరేపిస్తుందని 2002లో తేలింది. ఈ పరిశోధనలు చేసిన డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్‌లకు 2021లో నోబెల్ బహుమతి లభించింది. తెలుగు వ్యవహారం చల్లదనాన్నీ, చలువనూ వేరుగా చూస్తుంది. మంచుగడ్డ చల్లన, సబ్జా గింజలు చలువ. పిప్పరమెంటు తైలం మాడుకు కలిగించేది ఉష్ణోగ్రతలో మార్పు కాదు, అనుభూతి మాత్రమే. కనుక ఆ అనుభూతిని జుట్టు పెరుగుతున్నదనడానికి రుజువుగా స్వీకరించలేము.

3. ప్రయోగం నిరూపించినది:
ఈ తైలాన్ని సమర్థించేవారు ఎక్కువగా పేర్కొనేది 2014లో వెలువడిన కొరియా పరిశోధన. అందులో ఎలుకలను నాలుగు వర్గాలుగా విభజించి, ఉప్పునీటి ద్రావణం, జొజోబా నూనె, 3 శాతం మినాక్సిడిల్, జొజోబా నూనెలో కలిపిన 3 శాతం పిప్పరమెంటు తైలం విడివిడిగా పూశారు. నాలుగు వారాల తరువాత కుదుళ్ల సంఖ్యలోనూ, లోతులోనూ పిప్పరమెంటు వర్గం ముందు నిలిచింది. ఇది ఆసక్తికరమైన ఫలితమే. అయితే ఆ జాతి ఎలుకల వెంట్రుకలు దాదాపు ఒకేసారి పెరుగుదల దశలోకి ప్రవేశిస్తాయి. మనిషి తలలో ప్రతి కుదురుకూ తన కాలచక్రం ఉంటుంది, పెరుగుదల దశ కొన్నేళ్లపాటు సాగుతుంది. అందువల్ల నాలుగు వారాల ఫలితాన్ని మనుషులకు యథాతథంగా అన్వయించడం సమంజసం కాదు.

4. తలంటు సంప్రదాయంతో సంబంధం:
తలంటులో నూనె ప్రధానంగా వెంట్రుకను కాపాడుతుంది. కొబ్బరినూనె వెంట్రుకలోపలికి చొచ్చుకొనిపోయి ప్రోటీన్ నష్టాన్ని తగ్గిస్తుందని 2003 నాటి పరిశోధన తెలిపింది. కుంకుడుకాయలోని సాపోనిన్లు జిడ్డును తొలగిస్తాయి. పిప్పరమెంటు తైలం వీటికి ప్రత్యామ్నాయం కాదు, నూనెలో కొద్దిగా కలుపదగిన ద్రవ్యం మాత్రమే. వంటింటి పుదీనా నూరి నూనెలో కాచినా అది సిద్ధించదు. పుదీనాలో ప్రధాన ద్రవ్యం కార్వోన్, పిప్పరమెంటులో మెంథాల్. ఉత్తరప్రదేశ్‌లో విస్తారంగా పండే ‘మెంథా ఆర్వెన్సిస్’ తైలంలో మెంథాల్ పాలు ఇంకా అధికం. కావున సీసాపై ‘మెంథా పిపెరిటా’ అన్న పేరును గమనించాలి.

5. వాడుక – జాగ్రత్తలు:
తైలాన్ని నేరుగా తలకు రాయరాదు. ఒక చిన్న చెంచాడు, అంటే 5 మిల్లీలీటర్ల నువ్వులనూనెలోగాని కొబ్బరినూనెలోగాని ఒక చుక్క కలిపితే సుమారు 1 శాతం అవుతుంది. ముందుగా మోచేతి లోపలివైపు రాసి ఒక రోజు గమనించాలి. పుండ్లు, ఒరుపు ఉన్న మాడుకు వాడరాదు. కంటికి తగలనీయరాదు.

పసిబిడ్డల విషయం మరింత ముఖ్యమైనది. బిడ్డ మాడుకు నూనె అద్ది తలంటడం మన ఇళ్లలో తరతరాల ఆచారం. ఆ నూనెలో పిప్పరమెంటు తైలాన్ని ఎంతమాత్రం కలుపరాదు. శిశువుల ముఖానికి, ముక్కుకు సమీపంగా మెంథాల్ చేరితే స్వరపేటిక బిగుసుకొని శ్వాస ఆగే ప్రమాదం ఉంది.

6. ముగింపు:
• చలువ నిజమైన అనుభూతియే గాని కేశవృద్ధికి ప్రమాణం కాదు.
• లభ్యమైన ప్రయోగఫలితం ఎలుకలకు సంబంధించినది. దానిని ఆశగా భావించవచ్చును, హామీగా భావించరాదు.
• రోజుకు 50 నుండి 100 వెంట్రుకలు రాలడం సహజం. పేలికలుగా ఊడుతున్నా, అంతకు మించి రాలుతున్నా రక్తహీనత, థైరాయిడ్ వంటి కారణాలను వైద్యపరీక్షలో తెలుసుకోవాలి. తైలం ఇచ్చే హాయి ఆ పరీక్షను వాయిదా వేయడానికి కారణం కారాదు.