పాత హార్డ్ డిస్క్ నుంచి కొత్త కంప్యూటర్‌కు: ఫైళ్ల బదిలీ పద్ధతిగా

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి. పదేళ్ల నాటి కంప్యూటర్లు చాలావాటిలో అది లేదు. అందుకే మన సిబ్బంది ఇళ్లలో ఇప్పుడు కొత్త ల్యాప్‌టాప్‌లు కనిపిస్తున్నాయి. కొనడం తేలికే. పాత దాంట్లో ఉన్న పిల్లల ఫొటోలు, పెళ్లి వీడియోలు, ఫారం 16లు, బీమా పాలసీల స్కాన్‌లు, ఇంటి దస్తావేజుల నకళ్లు జాగ్రత్తగా ఇటు తేవడమే అసలు పని. వీటిలో కొన్ని పోతే మళ్లీ సంపాదించలేం.

మనకు బదిలీలు కొత్త కాదు. బ్రాంచిలో చార్జ్ అప్పగించేటప్పుడు ఏం చేస్తాం? ముందు జాబితా, తర్వాత అప్పగింత, ఆ తర్వాత సరిచూసుకుని సంతకం. ఇక్కడా అదే వరుస.

మొదట జాబితా

విండోస్‌లో ఎక్కువ ఫైళ్లు సీ డ్రైవ్‌లోని 'యూజర్స్' ఫోల్డర్‌లో మన పేరు కింద ఉంటాయి. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్, వీడియోస్ అన్నీ అక్కడే. ఇంట్లో నలుగురికీ వేర్వేరు లాగిన్‌లు ఉంటే నాలుగు పేర్లూ చూడాలి. డీ, ఈ డ్రైవ్‌లు మరవకండి. బ్రౌజర్ బుక్‌మార్కులు విడిగా ఎక్స్‌పోర్ట్ చేయాలి.

ప్రోగ్రాములు మాత్రం కాపీ చేస్తే పనిచేయవు. ఎంఎస్ ఆఫీస్, ట్యాలీ లాంటివి కొత్త దాంట్లో మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలి. లైసెన్స్ కీలు ముందే రాసిపెట్టుకోండి.

మన తెలుగువారికి ఇంకో సంగతి ఉంది. అను ఫాంట్లలో టైపు చేసిన పాత శుభలేఖలు, వంశవృక్షాలు, అమ్మమ్మ చెప్పగా రాసుకున్న పాటలు కొత్త కంప్యూటర్‌లో ఇంగ్లిషు అక్షరాల గందరగోళంలా కనిపిస్తాయి. అవి యూనికోడ్ ఫాంట్లు కాకపోవడమే కారణం. పాత కంప్యూటర్ నడుస్తుండగానే వాటిని పీడీఎఫ్‌గా సేవ్ చేసుకుంటే ఎక్కడైనా తెలుగులోనే చదువుకోవచ్చు.

పాతది నడుస్తుంటే

ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ ఉంటే సరిపోతుంది. యూఎస్‌బీ 2.0 పోర్టులో సెకనుకు సుమారు 30 ఎంబీ వస్తుంది. 200 జీబీకి రెండు గంటలకు దగ్గరగా పడుతుంది. రెండు వైపులా యూఎస్‌బీ 3.0 ఉంటే అరగంట పైచిలుకులో అయిపోవచ్చు. చిన్న చిన్న ఫొటోలు వేలల్లో ఉంటే మాత్రం ఇంకా ఆలస్యమవుతుంది.

పెళ్లి వీడియో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కడం లేదా? పెన్‌డ్రైవ్ ఎఫ్ఏటీ32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉండవచ్చు. అందులో 4 జీబీ మించిన ఫైలు పట్టదు. ఖాళీ పెన్‌డ్రైవ్‌ను ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేస్తే చాలు.

పాతది నడవకపోతే

మదర్‌బోర్డు పోయినంత మాత్రాన ఫైళ్లు పోయినట్టు కాదు. డిస్క్ బాగుంటే బయటకు తీసి సాటా-యూఎస్‌బీ కేబుల్‌తో కొత్త కంప్యూటర్‌కు కలపవచ్చు. ల్యాప్‌టాప్‌లోని 2.5 అంగుళాల డిస్క్‌కు యూఎస్‌బీ కరెంటే చాలు. డెస్క్‌టాప్‌లోని 3.5 అంగుళాల డిస్క్‌కు 12 వోల్టుల అడాప్టర్ కూడా ఉన్న కేబుల్ కొనాలి. సన్నటి పట్టీలా ఉండే ఎం.2 ఎస్ఎస్‌డీకి వేరే కేస్ కావాలి. తీసే ముందు ప్లగ్ పీకేయండి, ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ కూడా విడదీయాలి.

డిస్క్ కలిపాక మూడు రకాల సందేశాలు రావచ్చు.

ఫోల్డర్ తెరవడానికి అనుమతి లేదంటే, అడ్మినిస్ట్రేటర్ లాగిన్‌లో ఉండి 'కంటిన్యూ' నొక్కండి.

బిట్‌లాకర్ రికవరీ కీ అడిగితే, 48 అంకెల ఆ కీ చాలామందికి తమ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దొరుకుతుంది. అది లేకుండా డిస్క్ తెరుచుకోదు.

డిస్క్‌ను ఫార్మాట్ చేయమంటే మాత్రం ఒప్పుకోకండి. 'క్యాన్సిల్' నొక్కి తెలిసినవారికి చూపించండి.

డిస్క్ టిక్ టిక్‌మని శబ్దం చేస్తుంటే వెంటనే ఆపేయండి. మళ్లీ మళ్లీ ఆన్ చేస్తే మిగిలింది కూడా పోయే ప్రమాదం ఉంది. విలువైనవి ఉంటే డేటా రికవరీ చేసేవారి దగ్గరకు తీసుకెళ్లడమే మంచిది.

సరిచూడటం

'కట్' వాడకండి, 'కాపీ' మాత్రమే వాడండి. కరెంటు పోయినా, కేబుల్ ఊడినా అసలు భద్రంగా ఉంటుంది. కాపీ అయ్యాక రెండు చోట్లా ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి 'ప్రాపర్టీస్' చూడండి. ఫైళ్ల సంఖ్య, బైట్ల లెక్క రెండూ కలవాలి. క్యాష్ లెక్కలో రూపాయి తేడా వస్తే ఊరుకోం కదా! ఒక్కో ఫోల్డర్ నుంచి నాలుగైదు ఫైళ్లు తెరిచి కూడా చూడండి.

పాత డిస్క్ సంగతి

కనీసం ఒక నెల దాన్ని అలాగే ఉంచండి, మరచిన ఫైలు గుర్తొస్తుంది. తర్వాత పాత సామాన్ల వాడికి అలాగే ఇచ్చేయవద్దు. అందులో మీ ఆధార్, పాన్ నకళ్లు ఉంటాయి. డిలీట్ చేసినవీ, క్విక్ ఫార్మాట్ చేసినవీ మళ్లీ బయటకు తీయవచ్చు. 'క్విక్ ఫార్మాట్' టిక్ తీసేసి పూర్తి ఫార్మాట్ చేస్తే హార్డ్ డిస్క్ మొత్తం సున్నాలతో నిండుతుంది. గంటలు పట్టినా చేయాల్సిన పని అది. ఆ తర్వాతే ఈ-వేస్ట్ సేకరించేవారికి ఇవ్వండి.

చివరగా, ముఖ్యమైన ఫైళ్లు మూడు కాపీలు ఉండాలి: కంప్యూటర్‌లో ఒకటి, ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో ఒకటి, ఇంటికి బయట ఒకటి. మూడోది క్లౌడ్‌లో ఉండవచ్చు, లాకర్‌లో పెట్టిన పెన్‌డ్రైవ్‌లోనూ ఉండవచ్చు. పాలసీలు, నామినేషన్‌ల కాగితాలు ఏ ఫోల్డర్‌లో ఉన్నాయో ఇంట్లో ఇంకొకరికి చూపించండి. ఆ కాగితాలు అవసరమైన రోజున వాటిని దాచినవారు పక్కన ఉండకపోవచ్చు.