గుత్తి పేరు మోస్తున్న నీలి సాలీడు

1899లో పోకాక్ అనే బ్రిటిష్ జంతు శాస్త్రవేత్త ఓ సాలీడుకు పీసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టాడు. అది దొరికింది మన గుత్తిలో, రైల్వే వాళ్ల కలప యార్డులో. ఆ తర్వాత నూరేళ్లపాటు దాని జాడ లేదు. 2001లో మళ్లీ కనిపించింది. అదీ గుత్తిలో కాదు, అక్కడికి సుమారు వంద కిలోమీటర్ల దూరంలో, నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో. దుంగలతోపాటు రైలెక్కి గుత్తి చేరి ఉంటుందని శాస్త్రవేత్తల అంచనా.

దాని ఒళ్లు చూస్తే ఆ అంచనాయే నిజమనిపిస్తుంది. అది చెట్టు తొర్ర కోసమే పుట్టిన ఒళ్లు. కాళ్లు చాపితే మన అరచేతిని దాటుతుంది గానీ, ముడుచుకుంటే సన్నని చీలికలోనూ ఇమిడిపోతుంది. పాదాల చివర గోళ్లతోపాటు మెత్తని వెంట్రుకల కుచ్చులుంటాయి. నున్నటి మానునైనా అవి పట్టుకుంటాయి.

కాలు ముడవడానికి దానికి కండరాలున్నాయి. ముఖ్యమైన కీళ్ల దగ్గర చాపడానికి మాత్రం లేవు. ఒంట్లోని రక్తాన్ని ఒత్తిడితో కాళ్లలోకి నెట్టి చాపుతుంది. ఇంట్లో చచ్చి పడిన సాలీడును ఎప్పుడైనా చూశారా? కాళ్లన్నీ లోపలికి ముడుచుకుని ఉంటాయి. నెట్టే ఒత్తిడి ఆగిపోయింది మరి. ఆ రక్తంలో మనకున్నట్టు ఇనుము కాదు, రాగి ఉంటుంది. కడుపు కింద పుస్తకంలో పేజీల్లా పొరలు పేర్చిన ఊపిరితిత్తులు నాలుగు. పొట్ట చర్మం ఎంత పలచనంటే, ఎత్తు నుంచి పడితే చిట్లి ప్రాణం పోవచ్చు.

ఎనిమిది కళ్లున్నా చూపు అంతంతే. లోకాన్ని అది ఎక్కువగా వెంట్రుకలతోనే తెలుసుకుంటుంది. బెరడు మీద పురుగు కదిలితే ఆ అదురు చాలు.

ఇక కోరలు. ఇళ్లలో తిరిగే సాలీళ్లకు అవి రెండు పక్కల నుంచి పటకారులా కలుసుకుంటాయి. దీనికి అలా కాదు. రెండు కొడవళ్లు ఒక్కసారే దించినట్టు పైనుంచి కిందికి దిగుతాయి. కోర కొన దగ్గర సూది రంధ్రం, మొదట్లో విషగ్రంథి. కరిస్తే మనిషికి విపరీతమైన నొప్పి రావచ్చు, కండరాలు పట్టేయవచ్చు. ప్రాణాలు పోయిన దాఖలా మాత్రం లేదు. తనంతట తాను మీద పడే జీవి కాదిది, మనిషి అలికిడి వింటే తొర్రలోకి జారుకుంటుంది.

అన్నిటికన్నా నన్ను కట్టిపడేసింది ఆ నీలం. అది పూసిన రంగు కాదు. నెమలి ఈకలో లాగే, వెంట్రుకల లోపలి అతిసూక్ష్మ నిర్మాణం వెలుతురులోంచి నీలాన్ని ఏరి వెనక్కి పంపుతుంది. ఆ అందమే దాని మెడకు ఉరి అయింది. పెంచుకునేవాళ్లు ప్రపంచమంతటా దానికి డబ్బు పోస్తున్నారు. దానికి తోడు వంటచెరకు కోసం ముసలి చెట్లు పోతున్నాయి, వాటితో తొర్రలూ పోతున్నాయి. 2008లో దీన్ని అంతరించిపోయే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్న జీవుల జాబితాలో చేర్చారు. 2019లో ఈ జాతి సాలీళ్ల అంతర్జాతీయ వ్యాపారం మీద ఆంక్షలు వచ్చాయి.

అడవికి వెళ్లినప్పుడు ముసలి మాను తొర్రలో పుల్ల పెట్టి కెలక్కండి. ఎండిపోయింది కదా అని ఆ మానును కొట్టనివ్వకండి.