ధమనులను బిగించు జన్యువు

తాళపత్రగ్రంథము పెట్టెలో నున్నంతమాత్రమున విద్య రాదు, విప్పి చదువవలెను. మన కణములందలి జన్యువులును అట్టివే. ఏ కణము ఏ జన్యువును ఎంతగా చదువునో దానిని బట్టియే దాని పని యుండును. ఇట్లు చదువుటనే శాస్త్రజ్ఞులు జన్యువ్యక్తీకరణ మందురు.

ధమని లోపలివైపున ఒక్క కణము మందముగల పొర యుండును. 1988వ సంవత్సరమున జపానుదేశపు త్సుకుబా విశ్వవిద్యాలయమున యానగిసావా, మసాకి మొదలగువారు పంది ధమనిలోని యా కణములను పెంచి, అవి స్రవించు ఎండోథీలిన్ అను పదార్థమును వేఱుచేసిరి. అది 21 అమైనో ఆమ్లముల చిన్న గొలుసు. అతిస్వల్పమైనను ధమని చుట్టునుగల కండరమును గట్టిగా బిగించును. ఆ బిగువు చాలసేపు వదలదు. ఇజ్రాయేలు ప్రాంతమున బొరియలలో నుండు ఒక నల్లపాము విషమునందును దాదాపు ఇట్టి 21 ముక్కల గొలుసే కలదని ఆ యేటనే తెలిసినది. పాము కోఱలోని దానికి చుట్టము మన గుండెనాళములలో నున్నదని చదివినపుడు నాకు కొంచెము జంకు కలిగినది.

కణములు దీనిని విశేషముగా నిలువచేయవు. అవసరమును బట్టి జన్యువును చదివి తయారుచేయును. ప్రాణవాయువు తగ్గిన నా చదువు హెచ్చును. రక్తము నిలుకడగా ఒరసికొని పాఱుచుండిన తగ్గును. అపుడు నాళమును సడలించు నైట్రిక్ ఆక్సైడ్‌దే పైచేయి.

ఊపిరితిత్తుల ధమనులలో రక్తపుపోటు హెచ్చు వ్యాధి యొకటి గలదు. పురుషులకంటె స్త్రీలకే అధికము. మెట్లెక్కిన ఆయాసము, కాళ్లవాపు, సొమ్మసిల్లుట దాని లక్షణములు. ఆడుదాని ఆయాసమును ఇంటివారు నీరసమని త్రోసివేయుట పరిపాటి. అట్టి రోగుల ఊపిరితిత్తులలో ఈ జన్యువు మిక్కుటముగా చదువబడుచున్నదని 1993లో కనుగొనిరి. ఎండోథీలిన్ కండరమును తాకు ద్వారమును మూయు బోసెంటాన్ అను మందును 2001లో అమెరికాలో అనుమతించిరి.

కాని గర్భిణులకది నిషిద్ధము. ఏలయన, ఈ జన్యువు రెండు ప్రతులును లేని చుంచెలుక పిల్లలు దవడయు ముఖమును సరిగా నేర్పడక, పుట్టినవెంటనే ఊపిరాడక మరణించుట 1994లో జపానువారు చూచిరి. తల్లి ఊపిరిని బిగించునదియు, బిడ్డ ముఖమును దిద్దునదియు నొక్కటియే! అదియుగాక ఈ వ్యాధిలో గర్భమే తల్లి ప్రాణమునకు పెద్ద గండము. కావున సంతానమునుగూర్చి అత్తగారు అడుగకమునుపే ఈ సంగతి భర్తయే ఆమెకు చెప్పుట న్యాయము. ఆ భారము కోడలిపై వేయరాదు. ఈ మందు గర్భనిరోధక మాత్రల బలమును తగ్గించును గనుక, వానినొక్కటినే నమ్ముకొనక వేఱుపాయమును వైద్యుని అడిగి తెలిసికొనవలెను.