హైడ్రాంజియా: మట్టిని బట్టి రంగు

లిట్మస్ కాగితం ఆమ్లంలో ఎరుపెక్కుతుంది, క్షారంలో నీలమవుతుంది. జపాను నుంచి ప్రపంచపు తోటలకెక్కిన మాక్రోఫిల్లా హైడ్రాంజియాది సరిగ్గా దీనికి ఎదురు వరస: ఆమ్లపు నేలలో నీలం, సున్నపు నేలలో గులాబి. అయితే రంగు మార్చేది నేరుగా ఆమ్లగుణం కాదు, అల్యూమినియం. మట్టి పి.హెచ్. 5.5 కన్నా తగ్గితే అల్యూమినియం కరిగి వేళ్లకు అందుతుంది. పూలలోని డెల్ఫినిడిన్ వర్ణకంతో జతకూడి నీలాన్నిస్తుంది. 6.5 దాటితే మట్టిలోనే బిగుసుకుపోతుంది. కాంక్రీటు పునాదిని ఆనుకొని నాటిన పొద గులాబిగానే మిగిలిపోవడానికి తరచు కారణం ఆ పునాది నుంచి ఊరే సున్నం.

నీలం కోరేవారు అల్యూమినియం సల్ఫేటును నీటిలో కలిపి పోస్తారు. బురదనీటిని తేర్చే పటికకు అది దగ్గరి చుట్టం. మోతాదు మించితే వేళ్లు మాడతాయి. భాస్వరం ఎక్కువున్న ఎరువు అల్యూమినియాన్ని బంధించి శ్రమంతా వృథా చేస్తుంది. తెల్లపూల రకాలలో మార్చడానికి ఆ వర్ణకమే దాదాపు ఉండదు. ఇంతకీ రేకులుగా కనిపించేవి రేకులు కావు, రక్షకపత్రాలు.

రంగు కన్నా పెద్ద చిక్కు, పొద అసలు పూయకపోవడం. మాక్రోఫిల్లాలో మరుసటి ఏటి మొగ్గలు వేసవి చివరినుంచే ఆ ఏటి కొమ్మల కొసల్లో రూపుకడతాయి. ఆకురాలు కాలంలో తోట శుభ్రం చేస్తున్నామనుకొని కొమ్మలు కత్తిరించేవారు నరికేది ఆ మొగ్గలనే. కత్తిరింపు పూలు వాడగానే ముగియాలి. చలి ప్రాంతాల్లో వసంతపు మంచు కూడా వాటిని మాడ్చగలదు. పానికులాటా జాతి కొత్తకొమ్మలకే పూస్తుంది గనుక దాన్ని చలికాలం చివర నిర్భయంగా కత్తిరించవచ్చు. కాని దానికి నీలం రాదు.