చేతివిద్య తెరపై ఎంతవరకు వచ్చును?

నూజివీడు చుట్టుపట్ల వేసవి వచ్చినదనగా మామిడి తోటలలో చిక్కపు గెడలు బయటకు వచ్చును. అనుభవముగల కోతగాడు కంటబడిన ప్రతి కాయకును చిక్కము తగిలింపడు. తొడిమ ప్రక్కన బుజములు పొంగినవా, కాయ నిండుగా నున్నదా అని చూచి కోయును. ఇంతవరకు మాటలతో చెప్పవచ్చును, బొమ్మ వేసియు చూపవచ్చును. కాని గడ్డిలో మాగవేసిన రసాలను ఏరునప్పుడు అతనిని గమనింపుడు. బొటనవ్రేలితో మెల్లగా నొక్కి, “ఇది నేటికి, ఇది ఎల్లుండికి” అని వేరుచేయుచు పోవును. ఎట్లు తెలిసినదని అడిగినచో వివరింపడు. పండును మన చేతిలో పెట్టి, “పట్టి చూడండి” అనును.

నర్సులకు, గ్రామ ఆరోగ్య కార్యకర్తలకు, ఫిజియోథెరపీ విద్యార్థులకు పని నేర్పు గురువులదియు ఇదే మాట. 2020 మార్చిలో కోవిడ్ కారణమున కళాశాలలు మూతపడినప్పుడు ఈ పాఠమే ఆగిపోయినది. విద్యార్థులు ఇండ్లకు చేరిరి. గురువులు ఫోను తెరపై బోధింపవలసి వచ్చినది. తెరపై చదువు నూజివీడునకు క్రొత్త కాదు. 2008లో ఇక్కడ ప్రారంభమైన ట్రిపుల్ ఐటీలో పల్లెల నుండి వచ్చిన పిల్లలకు ల్యాప్‌టాప్‌లు ఇచ్చి, కంప్యూటరు ద్వారా పాఠములు నేర్పు పద్ధతి మొదటినుండియు కలదు. అయితే లెక్కలు తెరపై నేర్చిన విధముగా రోగిని పరీక్షించుట నేర్వగలమా? ఏది తీగ వెంట పోవును, ఏది పోదు, ఎందుచేత?

అమెరికాలో వైద్యవిద్యను పరిశీలించిన జార్జి మిల్లరు 1990లో వైద్యుని నైపుణ్యమును నాలుగు మెట్లుగా విడదీసెను. విషయము తెలియుట మొదటి మెట్టు. ఎట్లు చేయవలెనో తెలియుట రెండవది. గురువు ఎదుట చేసి చూపుట మూడవది. రోగి వద్ద నిజముగా చేయుట నాలుగవది. 2019లో మన దేశమున ప్రవేశపెట్టిన ఎం.బి.బి.యస్. పాఠ్యప్రణాళిక కూడ ఇట్టి మెట్లనే అనుసరించుచున్నది. మొదటి రెండు మెట్లకు తెర చక్కగా పనికివచ్చును. ఎముకల పేర్లు, మందుల మోతాదులు, రక్తప్రసరణ చిత్రములు తెరపై నేర్చిన పిల్లవాడు తరగతిలో నేర్చినవానికి తీసిపోడు. పాఠమును తిరిగి తిరిగి చూచుకొను వీలు కూడ అతనికున్నది. చిక్కు మూడవ మెట్టు వద్ద మొదలగును.

మొదట వినికిడి సంగతి చూతము. గుండె “లబ్-డబ్” అను చప్పుళ్లలో ముఖ్యభాగము సెకనుకు సుమారు 20 నుండి 150 కంపనముల లోపల నుండును. పాత టెలిఫోను మార్గము 300 నుండి 3400 కంపనముల వరకు గల ధ్వనులకై ఏర్పడినది. మనుష్యుని మాట అర్థమగుటకు అది చాలును. నేటి ఇంటర్నెట్టు పిలుపులలో ఈ హద్దు లేకపోయినను, ఫోనులోని చిన్న స్పీకరు మంద్రధ్వనికి కావలసినంత గాలిని కదపజాలదు. దీనికి తోడు, మాట కానిదానిని రొదగా నెంచి అణచివేయు ఏర్పాటొకటి వీడియో పిలుపులలో నుండును. గుండె చప్పుడు దానికి రొదయే! కావలసినచో మృదంగమును ఫోనులో వినిపించి చూడుడు. కుడి మూత పలుకును. ఎడమ మూతలోని గుమికి సన్నబడిపోవును.

అయితే ఇది పరికరము లోపమే గాని విద్య లోపము కాదు. మంచి హెడ్‌ఫోనులు పెట్టుకొని, శుభ్రముగా రికార్డు చేసిన ధ్వనిని విన్నచో చాలవరకు తీరును. పైగా అరుదైన గుండె మర్మర ధ్వనిని వినుటకు నూరుమంది విద్యార్థులు ఒక్క రోగి చుట్టు మూగనక్కరలేదు. ఈ విషయమున తెర మేలే చేసినది.

స్పర్శ అట్లు కాదు. మనము చూచునప్పుడు వస్తువును కదల్పము. తాకి తెలిసికొనవలెనన్న దానిని నొక్కవలెను. మనము ఎంత నొక్కితిమి, అది ఎంత లొంగినది అను రెండును కలసినప్పుడే మెత్తనయో గట్టియో తెలియును. వ్రేలికొనయందు ఒక చదరపు సెంటీమీటరులో సుమారు 240 స్పర్శనాడుల కొనలు పనిచేయును. అందు కొన్ని అంచులను, కొన్ని చర్మపు సాగుడును, కొన్ని సన్నని కంపనములను పసిగట్టును. కెమెరాకు అందునది వెలుగు మాత్రమే.

ఒక ఉదాహరణము. నెలలు నిండవచ్చిన గర్భిణి పొట్టపై చేతులుంచి, బిడ్డ ఏ తీరుననున్నదో కనిపెట్టు పరీక్ష కలదు. లియోపోల్డు అను జర్మను వైద్యుని పేర ఇందు నాలుగు పట్లు ప్రసిద్ధములు. బిడ్డ తల గట్టిగా, గుండ్రముగా తగులును. మెల్లగా తట్టినచో అటునిటు కదలును. పిరుదులు మెత్తగా, వెడల్పుగా తగులును. తల పైనుండి పిరుదులు క్రిందికున్నచో, నొప్పులు రాకముందే ఆ తల్లిని శస్త్రచికిత్స వసతిగల ఆసుపత్రికి పంపుటకు ఏర్పాటు జరుగవలెను. గ్రామములో ఆరోగ్య కార్యకర్త చేతికి ఈ తేడా తెలియనిచో, నొప్పులు మొదలైన పిదప రాత్రివేళ బండి వెదకుకొనవలసి వచ్చును. వీడియోలో గురువుగారి చేయి ఎచ్చట నున్నదో కనబడును. ఆ చేయి ఎంత నొక్కినదో, దాని క్రింద ఏమి తగిలినదో కనబడదు. తల తగిలినను, పిరుదులు తగిలినను బొమ్మ ఒక్కటే!

మరియొక చిక్కు తప్పులను దిద్దుటలో నున్నది. పసిబిడ్డకు బి.సి.జి. టీకాను ఎడమ భుజమున చర్మపు పొరలోనే వేయవలెను. సూదిని 10-15 డిగ్రీల కోణమున, దాదాపు చర్మమునకు ఆనించినట్లు పట్టుకొందురు. నెల లోపు బిడ్డకు మోతాదు 0.05 మిల్లీలీటరు. సరిగా పడినచో అచ్చట చిన్న బొబ్బవలె ఉబ్బును. సూది లోతునకు దిగినచో ఉబ్బు రాదు. తరువాత చీముగడ్డ కట్టవచ్చును. ఒప్పునకు తప్పునకు మధ్య దూరము ఒక మిల్లీమీటరు పాటి. ప్రక్కన నిలిచిన గురువు విద్యార్థి మణికట్టును పట్టి కోణము సరిచేయును. తెర ఆవలనున్న గురువు, బొమ్మ స్పష్టముగా నున్నచో, తప్పు జరిగిన పిదప చెప్పగలడు. నర్సింగు విద్యార్థులు సూది వేయుటను నారింజపండుపై అభ్యసించుట వాడుక. మన ప్రాంతమున మామిడికి కొదువలేదు గాని, పచ్చికాయ సొన చేతులను పొక్కించును గనుక నారింజయే మేలు.

ఇక ఆగిన గుండెను తిరిగి నడపుటకు ఛాతీని నొక్కు పద్ధతి. పెద్దలకు 5 నుండి 6 సెంటీమీటర్ల లోతున, నిమిషమునకు 100-120 మార్లు నొక్కవలెను. అనగా సుమారు అర సెకనున కొకటి. ఇంటర్నెట్టులో మాట అర సెకను ఆలస్యమైనచో, “ఇంకను లోతుగా” అని గురువు అనునప్పటికి విద్యార్థి తరువాతి నొక్కు నొక్కివేయును. కాని ఇచ్చట ఒక ఉపాయము కలదు. నార్వేలో బొమ్మలు తయారుచేయు ఆస్మండ్ లేర్డాల్ 1960లో ఈ అభ్యాసమునకై మనిషంత బొమ్మను వెలువరించెను. నేటి బొమ్మలలో లోతును, వేగమును కొలుచు సాధనములు అమర్చినవి కలవు. ప్రతి నొక్కును అంకెగా మారి వెంటనే విద్యార్థి ఎదుటనే కనబడును. దూరముననున్న గురువునకు కూడ అందును. కొలువగలిగిన నైపుణ్యమును తీగ వెంట పంపవచ్చునన్నమాట. పొట్టపై పెట్టిన చేతికి తెలియుదానిని ఇంత చౌకగా కొలుచు సాధనము విద్యార్థుల చేతికి ఇంకను రాలేదు.

చట్టము సంగతియు చెప్పవలెను. విశ్వవిద్యాలయ నిధుల సంఘపు 2020 నిబంధనల ప్రకారము నర్సింగు, ఫిజియోథెరపీ, ఫార్మసీ వంటి పట్టములను దూరవిద్యగా గాని, ఆన్‌లైనులో గాని ఇయ్యరాదు. 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టము పరిధిలోని చదువులను కూడ 2025 జూలై-ఆగస్టు ప్రవేశముల నుండి ఆ విధముగా నడపరాదని సంఘము ఆదేశించినది. పోషకాహార శాస్త్రము, మనోవిజ్ఞానము వంటివి ఇందులో చేరినవి. చేతిపని గల చదువులకు ఇది తగినదే. పోషకాహార శాస్త్రములో మాత్రము పుస్తకపు భాగము ఎక్కువ. దానిని తెరపై చెప్పి, ఆసుపత్రి పనిని ఎదుట నేర్పు మధ్యేమార్గము ఉండినచో పల్లెటూరి విద్యార్థికి ఖర్చు తగ్గెడిదని నా అభిప్రాయము.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో పరీక్షింపవచ్చును. ఒకే రకపు మామిడిపండ్లను ఆరింటిని, పచ్చివి, దోరవి, పండినవి రెండేసి తీసికొని అంకెలు వేయుడు. వాని ఫొటోలను మాత్రమే చూపి, మెత్తదనమును బట్టి వరుస పెట్టుమని విద్యార్థులను అడుగుడు. పిమ్మట కండ్లకు గంతలు కట్టి, చేతితో పట్టి అదే వరుస పెట్టుమనుడు. రెండు పర్యాయములును ఒప్పులు లెక్కింపుడు. ఫొటోలు నలుపు తెలుపులలోనే తీయవలెను; లేనిచో, ముఖ్యముగా బంగినపల్లి అయినచో, పసుపురంగు జవాబును ముందే చెప్పివేయును. వాసన చూచి చెప్పు గడుసువారు కూడ ఉందురు గనుక ముక్కునకు గుడ్డ కట్టుట మరువకుడు.