బోల్టు విప్పితే బంధువులొస్తారు

తయారుచేసిన కంపెనీ ఎప్పుడో చేతులు మారి కనుమరుగైంది. బ్రిటన్‌లో పుట్టిన ట్రయంఫ్ హెరాల్డ్ ఓపెన్ టాప్ కారు మాత్రం ఇంకా రోడ్డెక్కుతూనే ఉంది. ఎవరి పుణ్యమా అని?

పాత హెరాల్డ్ కొన్నవాడికి తోటి హెరాల్డ్ యజమాని ముందు చెప్పేది ఇంజిన్ సంగతి కాదు. ‘ముందు చక్రాల ట్రనియన్‌లో గ్రీజు కొట్టొద్దు, గేర్ ఆయిల్ పొయ్యి’ అంటాడు. స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం తిరిగేది మరలున్న ఒక ఉక్కు కడ్డీ ఆధారంగా. ఆ మరలు కూర్చునే కంచు దిమ్మే ట్రనియన్. గ్రీజు ఆ సందుల్లోకి సరిగా దిగదు. నీరు చేరుతుంది, కడ్డీ పైకి కనపడకుండా తుప్పు పడుతుంది, ఒకనాడు మలుపులో విరుగుతుంది. చక్రం పక్కకి ఒరిగిపోతుంది. ఈపీ 90 ఆయిల్ క్రమం తప్పకుండా పోస్తే సరిపోయేదానికి ఇంత ప్రమాదం! షెడ్డులో మెకానిక్ అలవాటు కొద్దీ గ్రీజు గన్ అందుకునే వేళకి తెలిసినవాడు పక్కనుండాలి.

పదిమందీ చెయ్యి వేయడానికి ఈ కారు నిర్మాణమే వీలిచ్చింది. ఆ వీలు కష్టకాలంలో పుట్టింది. కొవెంట్రీలోని స్టాండర్డ్-ట్రయంఫ్‌కి బాడీలు చేసిచ్చే ఫిషర్ అండ్ లడ్లో సంస్థను 1953లో పోటీదారు బీఎంసీ కొనేసింది. కొత్త కారుకి పూర్తి బాడీ అచ్చుకొట్టి ఇచ్చే దిక్కు లేకపోయింది. మిగతా కంపెనీలు విడి ఛాసిస్‌ను వదిలేస్తున్న రోజుల్లో వీళ్లు మళ్లీ దాన్నే నమ్ముకున్నారు. తలా ఒకచోట ముక్కలు చేయించి, బోల్టులతో బిగించారు. ఇటలీ డిజైనర్ జొవాన్ని మికెలోత్తి ఆ ముక్కల బండికి చూడచక్కని రూపమిచ్చాడు. 1959లో సెడాన్, 1960లో ఓపెన్ టాప్ వచ్చాయి. ముందు మడ్‌గార్డులతో సహా బోనెట్ మొత్తం ముందుకి తెరుచుకుంటుంది. ముందు టైరు మీద కూర్చుని ఇంజిన్ పని చేసుకోవచ్చు. సెడాన్ పైకప్పు కూడా బోల్టుల బిగింపే కాబట్టి, దాన్ని విప్పి ఓపెన్ టాప్‌గా మార్చుకున్నవాళ్లు బ్రిటన్‌లో చాలామందే ఉన్నారు.

విప్పడం సులువే. మళ్లీ కూర్చోబెట్టడం దగ్గరే అసలు పరీక్ష. పైకప్పు లేని బాడీకి నడుం బలం తక్కువ. ఛాసిస్ నుంచి ఎత్తేముందు తలుపుల ఖాళీల్లో ఇనుప బద్దలు అడ్డంగా బిగించకపోతే మధ్యలో కుంగుతుంది. కుంగిందంటే ఆ తలుపులు ఇక జన్మలో సరిగా మూసుకోవు. ఛాసిస్ నుంచి పక్కలకి చాచిన చేతులుంటాయి. తుప్పు ముందు వాటినీ, డిక్కీ నేలనీ పట్టుకుంటుంది. వాటికి కొత్త రేకు వెల్డింగ్ చేశాక బాడీ దించి, తలుపులు తగిలించి, ఛాసిస్‌కీ బాడీకీ మధ్య పలచటి బిళ్లలు పెడుతూ తీస్తూ సందులు సమం చేయాలి. ఒకరు స్పానర్ తిప్పాలి, ఇద్దరు ఎత్తాలి, ఇంకొకరు దూరంగా నిలబడి ‘ఎడమవైపు ఇంకాస్త’ అనాలి. ఒంటరిగా చేయాలనుకున్న హెరాల్డ్‌లు అట్టపెట్టెల్లో సామాన్లుగా అమ్మకానికొస్తాయి. రంగు వేసేది సందులన్నీ కుదిరాకే. ఆఖరున బట్ట టాపు. చలికి ఆ వినైల్ బిగుసుకుపోయి సాగదు కాబట్టి అక్కడివాళ్లు ఎండ కాసే రోజు కోసం ఎదురుచూస్తారు. ఆ ఒక్క విషయంలో మనకి చింత లేదు.

హెరాల్డ్ ఉత్పత్తి 1971లో ఆగింది. ట్రయంఫ్ కార్ల పేరు ఇప్పుడు బీఎండబ్ల్యూ దగ్గరుంది, వాడకంలో లేదు. ఆ ఖాళీని యజమానులే పూడ్చుకున్నారు. 1977లో మొదలైన ట్రయంఫ్ స్పోర్ట్స్ సిక్స్ క్లబ్ లాంటివి పత్రిక నడుపుతాయి, ఊళ్లవారీగా సభ్యుల్ని కలుపుతాయి, చిక్కొస్తే సలహా ఇస్తాయి. కొనేవాళ్లు ఇంతమంది ఉన్నారు కాబట్టే విడిభాగాలు మళ్లీ తయారవుతున్నాయి.

మనకి ఈ బండి పరాయిది కాదు. మద్రాసు శివార్లలో, వండలూరు పక్కన, స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఫ్యాక్టరీ 1961 నుంచి స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో దీన్ని చేసింది. బ్రిటన్‌లో ఇంజిన్ 1,296 సీసీ దాకా పెరిగినా ఇక్కడ 948 సీసీ దగ్గరే ఉండిపోయింది. బదులుగా నాలుగు తలుపుల హెరాల్డ్ వచ్చింది. బ్రిటన్‌లో అలాంటిది చేయనే లేదు. వెనక చక్రాలు విడివిడిగా పైకీ కిందికీ ఊగే స్వింగ్ యాక్సిల్ మన మెకానిక్‌లకి నచ్చలేదు. 1972లో అదే ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కొత్త కారు గజెల్‌లో దాన్ని తీసేసి మామూలు యాక్సిల్ వేశారు. మన రోడ్లకి అదే న్యాయమని నా అభిప్రాయం, శుద్ధ హెరాల్డ్ భక్తులు కోప్పడినా సరే.

ఇక్కడా సరదా కోసం పైకప్పు తీసేసిన హెరాల్డ్‌లున్నాయి. పెళ్లి ఊరేగింపుకి ముచ్చటగానే ఉంటాయి. చిక్కల్లా కాగితాల దగ్గరొస్తుంది. కేంద్ర రవాణా శాఖ 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండికి ‘వీఏ’ వరసలో వింటేజ్ నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కి రుసుము రూ. 20,000, గడువు పదేళ్లు. ర్యాలీలకీ ప్రదర్శనలకీ తిప్పుకోవచ్చు గానీ రోజువారీ వాడకం కుదరదు. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు లేకుండా బండి అసలు రూపంలో ఉండాలన్నది ముఖ్యమైన షరతు. కట్టర్ పెట్టి టాపు కోయించినవాడు ఇప్పుడు టింకరింగ్ షెడ్ల చుట్టూ తిరగాలి. ఓపిగ్గా బోల్టులు విప్పి, ఆ పైకప్పుని అటకెక్కించినవాడికి మాత్రం నలుగురు స్నేహితులూ ఒక ఆదివారమూ చాలు.