బొమ్మకు ముందు బొమ్మ

బొమ్మలు నడిచి, నవ్వి, మాట్లాడే సినిమాలు మీరు చూసే ఉంటారు. ఆ బొమ్మలను గీయటానికి ముందు మట్టితో చేసి చూసుకునే పద్ధతి ఒకటి ఉన్నదని మీకు తెలుసా?

అమెరికాలో వాల్ట్ డిస్నీ సంస్థ తీసిన "పినోకియో" చిత్రం 1940లో విడుదల అయింది. ఒక ముసలివాడు చెక్కిన కొయ్యబొమ్మకు ప్రాణం వచ్చి, నిజమైన కుర్రవాడు కావాలని పాటుపడటం దాని కథ. చిత్రం 88 నిమిషాలు నడుస్తుంది. సెకండుకు 24 ఫ్రేముల చొప్పున మొత్తం 1,26,000 పైచిలుకు ఫ్రేములన్నమాట! ఒక్కొక్క బొమ్మను రెండేసి ఫ్రేములకు వాడుకున్నా ఇంత పని ఒక్కడి వల్ల కాదు. అనేకమంది చిత్రకారులు కలిసి గీయాలి.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఒకరు గీసిన పినోకియో ఇంకొకరు గీసినట్టు లేకపోతే, చూసేవాళ్ళకు వాడు ఒకే కుర్రవాడని అనిపించదు. కాగితం మీద ఒక పక్కే కనబడుతుంది. వాడు వెనక్కు తిరిగితే టోపీలోని ఈక ఎలా ఉంటుంది? తల వంచితే ముక్కు ఎంత కనిపిస్తుంది? ఎవరికి తోచినట్టు వారు గీస్తే పాత్ర చెడుతుంది.

పినోకియో రూపం కుదరటమే కష్టమైంది. వాడు మరీ కొయ్యబారినట్టున్నాడని 1938లో డిస్నీ పని ఆపించాడు. అప్పుడు మిల్ట్ కాల్ అనే చిత్రకారుడు వాణ్ణి ముందు కుర్రవాడుగా ఊహించి, ఆ తరవాత కొయ్య కీళ్ళు తగిలించాడు.

జో గ్రాంట్ అనే చిత్రకారుడి ఆధ్వర్యాన ఆ సంస్థలో నమూనాల కోసమే ఒక శాఖ ఉండేది. అక్కడి శిల్పులు పాత్రలను మట్టితో మలిచి, అచ్చు తీసి, ప్లాస్టరు పోసి, రంగులు వేసి చిత్రకారులకు ఇచ్చేవారు. చిత్రకారులు ఆ బొమ్మను కావలసిన వైపుకు తిప్పి, చూసి గీసేవారు.

మట్టి నమూనాలు గీసే బొమ్మలకే కాదు, మామూలు సినిమాలకు కూడా అవసరమే. 1993లో వచ్చిన "జురాసిక్ పార్క్" కోసం స్టాన్ విన్‌స్టన్ బృందం టి. రెక్స్ అనే రాక్షసిబల్లిని ముందు అయిదో వంతు పరిమాణంలో మలిచింది. ఆ తరవాతనే నిలువెత్తు యంత్రపు జంతువు తయారయింది. చిన్న మట్టిబొమ్మలో తప్పు ఉంటే వేలితో నొక్కి దిద్దవచ్చు. పెద్ద యంత్రంలో అలా కుదరదు గదా! ఈనాడు కంప్యూటరులోనే శిల్పాలు మలుస్తున్నప్పటికీ, మట్టితో చేసేవారు ఇంకా ఉన్నారు.

మీరు కూడా చేసి చూడండి. మీకు తోచిన కోతినో, రాక్షసుణ్ణో గుప్పెడు బంకమట్టితో చేసి, తిప్పుతూ నాలుగు వైపుల నుంచీ గీయండి. రాక్షసుడి ముఖం మీకు ముందే తెలుసు. వాడి వీపు ఎలా ఉంటుందో మాత్రం అప్పుడే మొదటిసారి ఆలోచిస్తారు!